చెట్ల నడుమ గడ్డికి ఏది మేలు: గొర్ల మందా, గడ్డి మందా, కొడవలా?

ఈ వానకాలం మొదలైనప్పటి నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు కలిపి ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. చెట్లు పెట్టాం, నడుమ గడ్డి మోకాళ్లు దాటింది, కూలీలు దొరకడం లేదు, గడ్డి మందు కొట్టించాలా, ఎవరి గొర్లనన్నా తోలించాలా అని. ఫోన్లో ఒక్కొక్కరికి సగం సగం చెప్పే కన్నా మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది. మాకు దేవరకొండ దగ్గర ఐదెకరాల చెల్క ఉంది. మూడెకరాల్లో మలబారు వేప, రెండెకరాల్లో ఎర్రచందనం, గట్ల మీద టేకు. ఈ ఐదేళ్లలో కొడవలి, మిషన్, ట్రాక్టర్, మందు, గొర్లు అన్నీ చూశాం, కొన్నిటితో గట్టిగానే నష్టపోయాం.

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు గొర్లకే. కాకపోతే మొక్క పెట్టిన మొదటి ఏడాది వద్దు, అన్ని రకాల చెట్లకూ వద్దు, మేకలు కలిసిన మందైతే అసలే వద్దు.

అసలు గడ్డిని ఎందుకు తీయాలి అని కూడా కొందరు అడుగుతారు, అడవిలో ఎవరు తీస్తున్నారని. అడవిలో మొక్క తన టైం తను తీసుకుంటుంది, వందలో పది బతికినా అడవికి చాలు. మనం డబ్బు పెట్టి నాటిన మొక్క అట్లా కాదు. నల్గొండ, పాలమూరు వైపు ఏడాది మొత్తానికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లో. చెల్క నేల నీళ్లు పట్టి ఉంచదు. పైన జానెడు లోతులో ఉన్న తేమ కోసం గరిక, తుంగ, మొక్క మూడూ పోటీ పడితే గెలిచేది గరికే, ఎందుకంటే దాని వేళ్లు అప్పటికే అక్కడ పాతుకుని ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు ఈ పోటీ తగ్గిస్తే ఆ తర్వాత చెట్టు నీడే గడ్డిని అణుస్తుంది. కాబట్టి మనకు కావలసింది గడ్డిని సమూలంగా లేకుండా చేయడం కాదు, చెట్టు దాన్ని దాటిపోయే దాకా అణిచి ఉంచడం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కొడవలి, పారతో మొదలుపెడతా. పాదు చుట్టూ చేత్తో తీసినంత శుభ్రంగా ఏదీ తీయలేదు, ఇది ఒప్పుకోవాలి. మొక్క మొదలు నుంచి రెండు మూడడుగుల గుండ్రం శుభ్రంగా ఉంటే చాలు, దానికి తగిలే పోటీ చాలావరకు పోతుంది. ఐదెకరాలూ గుంజాలంటే మాత్రం కుదరదు. మన దగ్గర గడ్డి లేచే నెలలోనే పత్తిలో కలుపు, వరి నాట్లు, అన్నీ ఒకేసారి వస్తాయి. ఆ రోజుల్లో పదిమంది ఆడవాళ్లను చెట్ల తోటకు రమ్మంటే ఎందుకొస్తారు, ఎక్కువ కూలి ఇస్తామన్నా ఎవరి పత్తి వాళ్లకు ముందు. మేం మొదటి ఏడాది పాదుల వరకే తీయించి నడుమ వదిలేశాం, అదే సరైన పని అని తర్వాత తెలిసింది.

గడ్డి కోసే మిషన్ వేగంగా కోస్తుంది, కూలీల టెన్షన్ ఉండదు. దాని ప్రమాదం ఒకటే, అదీ పెద్దదే: తిరిగే నైలాన్ తీగ లేత మొక్క బెరడుకు తగిలితే చుట్టూ ఒలిచేస్తుంది. ఆ రోజు కనపడదు. పదిహేను ఇరవై రోజులకు ఆకులు వాలిపోతే వంగి చూస్తే మొదలు దగ్గర ఉంగరంలా బెరడు పోయి ఉంటుంది. అట్లా పోయినవి మాకు తొమ్మిది. పాదు చుట్టూ చేత్తో తీసి, నడుమ మాత్రమే మిషన్ నడిపితే ఈ బాధ లేదు. ట్రాక్టర్ గురించి ఎక్కువ చెప్పను. రోటవేటర్ కొడితే నాలుగు రోజులు తోట అద్దంలా ఉంటుంది, తర్వాత తుంగ గడ్డలు ముక్కలై ఒకటికి నాలుగు మొలుస్తాయి, చెట్ల పైవేళ్లు తెగుతాయి, వాలు నేలైతే తర్వాతి వానకు మన మట్టి పక్కవాడి చెలకలో ఉంటుంది.

ఇక గడ్డి మందు. దీని గురించి కొంచెం వివరంగానే రాయాలి, ఎందుకంటే అందరూ ముందు పోయేది దీనికే.

గ్లైఫోసేట్ బాగానే పనిచేస్తుంది, కాదనను. ఆకు మీద పడితే వేరు దాకా పోతుంది, గరికను కూడా చంపుతుంది, గొర్లు చేయలేని పని అది. కానీ గరికను చంపేదే మన మొక్కనూ చంపుతుంది, దానికి గరిక ఏదో వేప ఏదో తెలియదు. ఆకు మీదే పడనక్కర లేదు, బెరడు ఇంకా పచ్చగా ఉన్న లేత మొక్క కాండం నుంచి కూడా లోపలికి పోతుంది. మాకు కొట్టడానికి వచ్చినతను మధ్యాహ్నం గాలిలో కొట్టాడు, నాజిల్‌కు మూకుడు పెట్టమంటే "ఏం కాదక్కా" అన్నాడు, అమ్మిన దుకాణం ఆయన కూడా గడ్డి మాత్రమే చస్తది అనే చెప్పాడు. నెల తర్వాత గాలివాటున ఉన్న రెండు సాళ్లలో మలబారు వేప కొత్త చిగుళ్లు ఎలా వచ్చాయంటే, ఆకు వెడల్పు లేకుండా దారాల్లా, ముడతలు పడి, ఒకే చోట గుత్తిగా. ఆ మొక్కలన్నీ చావలేదు. కానీ పక్క సాలు నా తలను దాటిన రోజున అవి నా నడుము దగ్గరే ఉన్నాయి.

చట్టం వైపు కూడా చూడాలి. 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (లైసెన్సుతో మందు కొట్టేవాళ్ల) ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు దానితో ఏకీభవించలేదు, అదీ నిజమే. కానీ మాస్కు, చేతి తొడుగులు లేకుండా లుంగీ ఎగ్గట్టి ట్యాంకు వీపున వేసుకుని కొట్టే మనిషిని చూస్తూ ఆ వాదనల్లో ఎవరు గెలిచారో తేలే దాకా ఆగుదామని నేను అనలేను. పారాక్వాట్ అనే ఇంకో గడ్డి మందు మాట ఇంకా దారుణం. పైపైన మాడ్చేస్తుంది, వేరు చావదు, పొరపాటున కడుపులోకి పోతే మనిషికి విరుగుడు లేదు. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఆ డబ్బా కొనకండి, కొని ఉంటే ఇంట్లో పెట్టకండి.

ఇంకొకటి, మందు కొట్టాక ఆ తోటలోకి గొర్లు రావు. కాపరులు ముందు అడిగేది అదే. మా తోటకు మొదటిసారి వచ్చిన కురుమ కాక గట్టు మీద నిలబడి, లోపల అడుగు పెట్టక ముందే, "బిడ్డా, ఇండ్ల మందు గిట్ల కొట్టిన్రా?" అన్నాడు. కొట్టి ఎనిమిది నెలలైందని చెప్పాకే మందను దించాడు.

గొర్ల దగ్గరికి వస్తా. చెట్ల తోటలో గడ్డికి గొర్లను వాడటం మన దగ్గర కొత్తగా అనిపిస్తుంది కానీ వేరే దేశాల్లో అడవి శాఖలవాళ్లే చేశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చెట్లు నరికిన చోట స్ప్రూస్, పైన్ మొక్కలు నాటితే, ఫైర్‌వీడ్ అనే గులాబి పూల మొక్క మనిషెత్తు లేచి వాటిని కప్పేస్తుంది, చలికాలం అది మంచు బరువుకు వాలి కింది మొక్కను కూడా నేలకు అదుముతుంది. ఆ ఫైర్‌వీడ్ అంటే గొర్లకు ప్రాణం. అందుకని 1980ల నుంచి ఎండాకాలం వెయ్యికి పైగా గొర్లున్న మందలను లారీల్లో కొండల మీదికి తీసుకుపోయి, కాపరులు, మందను తిప్పే కుక్కలు, ఎలుగుబంట్ల నుంచి కాపాడే కాపలా కుక్కలు పెట్టి మేపారు. వాళ్లు నేర్చుకున్నది మనకూ పనికొస్తుంది. స్ప్రూస్, పైన్ లాంటి సూదాకుల చెట్టును గొర్రె మామూలుగా ముట్టదు, కానీ కొత్త చిగురు మెత్తగా వచ్చే వారాల్లో కొరుకుతుంది. మంద ఒకేచోట ఎక్కువసేపు ఆగితే తొక్కిడికి మొక్కలు విరుగుతాయి. కాబట్టి రోజూ కదలాలి.

మన దగ్గర దీనికి ఇంకో లాభం ఉంది, అది కెనడావాళ్లకు లేనిది. ఇక్కడ మందలు ఇప్పటికే ఉన్నాయి. 2019 పశుగణనలో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్లు తెలంగాణలోనే తేలాయి, 1 కోటీ 90 లక్షల పైచిలుకు. పత్తి ఏరడం అయిపోయాక, వరి కోశాక మందలకు ఎక్కడ చూసినా మేతే, రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు, రాత్రికింత అని డబ్బో వడ్లో ఇస్తారు. కష్టమంతా వానకాలంలో. ఊరంతా పైర్లు, గట్టు దాటితే కొట్లాట, గుట్టలు, చెరువు శిఖం, రోడ్డు పక్కలు తప్ప మేపడానికి జాగా లేదు. సరిగ్గా అదే నెలల్లో మన చెట్ల నడుమ గడ్డి పొర్లిపోతుంది. మనకు బరువైంది వాళ్లకు కరువైంది. మేం కాకకు డబ్బు ఇవ్వలేదు, ఆయన మాకు ఇవ్వలేదు. పొద్దున మేపుకోవడం, మూడు రాత్రులు మంద తోటలోనే ఆగడం, నీళ్ల తొట్టి మేం నింపడం, అంతే ఒప్పందం. ముప్పై కిలోల గొర్రె రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి మేత తింటుంది. రెండు వందల గొర్లంటే రోజుకు ఆరు నుంచి ఎనిమిది క్వింటాళ్ల గడ్డి కోయకుండానే పోయినట్టు. పైగా గొర్రె ఎరువులో నత్రజని పశువుల పేడ కన్నా ఎక్కువ, ఎండినదాంట్లో సుమారు మూడు శాతం అని వ్యవసాయ పుస్తకాలు చెప్తాయి.

మొదటి రోజు నేను గట్టు మీద కూర్చుని చూశాను. మంద దిగగానే అన్నీ ఒకే వైపు తిరిగి తలలు దించాయి, గడ్డి తెగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముందు గునుగు పోయింది, పూత ఉన్నవి లేనివి చూడకుండా. తర్వాత లేత గరిక, ఇంకా పేరు తెలియని తీగలు. తంగేడు పక్క నుంచే పోతున్నాయి, దాన్ని వాసన కూడా చూడలేదు. వయ్యారిభామను కూడా వదిలేశాయి. కాక కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు, ఏం పని లేనట్టే ఉంది. గంటన్నర అయ్యాక ఒక్కసారిగా "హెయ్" అని అదిలించి పక్క సాలుకు తోలాడు. అప్పటికి నాకు గడ్డి ఇంకా ఉన్నట్టే కనిపించింది. ఎందుకు కదిలించావు కాకా అంటే, "తలలు లేస్తున్నయి బిడ్డా. తల కిందికి ఉన్నంతసేపు దానికి గడ్డే కనపడ్తది. తల లేపిందంటే ఇగ చెట్టు దిక్కు చూస్తది. ఆకలి తీరకముందే, గడ్డి ఒడవకముందే కదిలియ్యాలె" అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ తలలే చూస్తున్నా. పనంతా ఆ చూపులోనే ఉంది, అందుకే గొర్లను వదిలి చాయ్‌కి పోయే కాపరిని పిలవకండి, గొర్లు ఎంత మంచివైనా సరే.

గొర్లను తోలించిన రెండో ఏడాది మేం చేసిన తప్పు చెప్తా. కాక ఆ ఏడు కృష్ణ అవతలికి పోయి ఆలస్యంగా వస్తానన్నాడు, ఆగలేక వేరే మందను పిలిచాం. అందులో పదిహేను ఇరవై మేకలున్నాయి, మన దగ్గర చాలా మందల్లో ఉంటాయి. గొర్రె తల దించి మేస్తుంది, మేక తల ఎత్తి మేస్తుంది. ఎర్రచందనం వైపు పోయిన ఒక మేక వెనక కాళ్ల మీద లేచి, ముందరి కాళ్లు కాండం మీద వేసి, ఛాతీ బరువుతో మొక్కను వంచి కిందికి తెచ్చింది. అది వంచి పట్టుకుంటే మిగతావి కొస తిన్నాయి. నేను అరుచుకుంటూ పోయేసరికి సాలులో పద్దెనిమిది మొక్కలకు కొసలు లేవు. కొస పోతే చెట్టు చావదు కానీ పక్క నుంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి, మనకు కావలసిన నిటారు మొద్దు ఇక రాదు. కత్తిరించి ఒక్క కొమ్మనే ఉంచినా మెలిక మిగిలిపోతుంది. మంద లోపలికి రాకముందే అడగండి, మేకలున్నాయా అని. ఉంటే బయట కట్టేయమనండి, మొహమాటపడకండి.

ఏ చెట్టుకు ఎప్పుడు అన్నది దీనికి కలిసే ఉంది. నీలగిరి, టేకు ఆకులు జీవాలకు పెద్దగా రుచించవు, మొక్క తొక్కిడికి విరగనంత గట్టిపడితే చాలు. కానుగా అంతే. మలబారు వేప ఆకు తింటాయి, కానీ నీళ్లు అందితే అది ఏడాదిలోనే మనిషెత్తు దాటుతుంది, రెండో వానకాలానికి కొస గొర్రెకు అందదు. ఎర్రచందనం నెమ్మది, ఆకు రుచి, అందుకని మూడో ఏడు దాకా ఆగాలి. శ్రీగంధం పెట్టినవాళ్లు గొర్ల సంగతి మర్చిపోండి, చెట్టునూ తింటాయి, దాని వేళ్లు ఆహారం లాక్కోవడానికి పక్కన పెట్టిన కందినీ తింటాయి. వెదురు పిలకలు వచ్చే నెలల్లోనూ వద్దు. తోటలో ఉన్న అన్నిటికన్నా పొట్టి మొక్క కొస గొర్రె మూతికి అందనంత ఎత్తుకు పోయిందా లేదా, అది చూసుకోవాలి. సగటు ఎత్తు చూసి మోసపోవద్దు.

బత్తాయి తోటలవాళ్లు కూడా నన్ను అడిగారు. నల్గొండలో సగం మందికి అదే కదా. అక్కడ కొమ్మలు కిందికే ఉంటాయి, అవి తింటాయన్నది ఒక బాధ. అంతకన్నా పెద్దది తెగుళ్లకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు. పశువుల్లో రాగి విషాన్ని అన్నిటికన్నా తక్కువ తట్టుకునేది గొర్రె, అది కాలేయంలో కొంచెం కొంచెంగా చేరుతుంది, చాలా రోజులు ఏమీ కనపడదు, ఒకరోజు ఎర్రటి మూత్రం పోసి పడిపోతుంది. తెగుళ్లకు రాగి మందులు కొట్టే తోటలోకి ఎవరి మందనూ పిలవకండి. అవతలివాడి బతుకంతా ఆ గొర్లే. అక్కడ మిషన్ మేలు.

మంద ఎందుకు, మనమే ఇరవై గొర్లు కొనుక్కుంటే అని ఇంట్లో ఒక ఆలోచన వచ్చింది. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇచ్చిన యూనిట్ కూడా ఇరవై గొర్లు, ఒక పొట్టేలు. లెక్క వేసి చూస్తే ఇరవై ఒకటి కలిపి రోజుకు ఎనభై ఐదు కిలోలు కూడా తినవు, ఆగస్టులో ఐదెకరాల గడ్డి వాటిని మించి పెరుగుతుంది. ఏప్రిల్‌లో మాత్రం వాటికి మేత కొనాలి. రోజూ వెంట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి తల లేవడం చూడగలిగినవాడై ఉండాలి. మనకు అవి కావాల్సింది ఏడాదికి పదిహేను ఇరవై రోజులు. ఊళ్లోనే ఉండి, గొర్ల మీద మనసున్నవాళ్లకైతే వేరే సంగతి.

గొర్ల వైపు నుంచి కూడా ఒకటి చూడాలి. తొలకరికి లేచిన లేత గడ్డిని ఆబగా తిన్న గొర్లకు చిటుకు రోగం వస్తుంది, సాయంత్రం బాగున్నది పొద్దున్నే చచ్చి ఉంటుంది, అదీ మందలో బలంగా ఉన్నవే ముందు పోతాయి. వానలకు ముందే టీకా వేయించారా అని అడగండి, తొలకరి గడ్డి కాస్త ముదిరాకే పిలవండి. నల్లరేగడి తోటలో వాన పడిన మర్నాడు మందను దించితే నేల గట్టిపడిపోతుంది, గొర్ల గిట్టలకూ మంచిది కాదు. మా చెల్కలో ఆ ఇబ్బంది లేదు.

ఇదంతా పట్టా భూమిలో తోటల మాట. సర్కారు అడవిలో కొత్తగా నాటిన ప్లాంటేషన్లలోకి మందలను రానీయరు, అక్కడ కాపరులకూ ఫారెస్టువాళ్లకూ ఎప్పుడూ పేచీయే. నా మట్టుకు, నీలగిరి, టేకు ప్లాంటేషన్లు ఎదిగాక, ఏ కాపరి ఏ కంపార్టుమెంటులో ఎన్ని రోజులు అని రాసుకుని చలికాలం మేపనిస్తే, ఎండాకాలం మంటలకు దొరికే ఎండుగడ్డి తగ్గుతుంది, కాపరికీ దారి దొరుకుతుంది. అమ్రాబాద్ లాంటి పులుల అడవిలో మాత్రం వద్దనే అంటాను. గొర్ల పీపీఆర్ రోగం అడవి జంతువులకు అంటుకుంటుంది, 2016-17లో మంగోలియాలో సైగా జింకలు వేల సంఖ్యలో చచ్చింది దానితోనే.

ఇప్పుడు మా తోటలో నడుస్తున్న పద్ధతి ఇది. పాదుల చుట్టూ జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చేత్తో తీయిస్తాం, ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. నడుమ గడ్డికి ఆగస్టులో, మళ్లీ దసరా అయ్యాక కాక మంద. గడ్డి మందు మానేశాం. గొర్లు వదిలేసిన వయ్యారిభామను పూత రాకముందే పీకిస్తాం, చేతులకు కవర్లు తొడిగి. తంగేడు గట్టు మీద ఉన్నంత వరకు ఉంచేస్తాం, బతుకమ్మకు ఊరి ఆడపిల్లలు వచ్చి కోసుకుపోతారు. గునుగు మాత్రం గొర్లు ముట్టకుండా ఒక మూల వదిలేయమని కాకకు ముందే చెప్తాను.

మిగిలింది సర్కారు తుమ్మ. గొర్లు దాని కాయలు ఏరుకుని తింటాయి, గింజలు కొన్ని అరగకుండా ఎరువుతోపాటు తోటలో పడతాయి, మంద ఆగిన చోటల్లా తర్వాతి వానకు మొలుస్తాయి. పోయినసారి మంద పడుకున్న జాగాలో ఇరవై ఆరు లెక్కపెట్టాను, ఒక్కొక్కటి వేలెడంత. వాన పడిన రెండో రోజు నేల మెత్తగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో గుంజితే వేరుతో సహా వచ్చేస్తాయి. రెండు నెలలు ఆగితే గడ్డపార కావాలి.